ఉదయాన్నే గీత పెడితే ఎదురింటాయన పరిగెత్తుకొచ్చాడు: పాటల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల, ఇప్పటి పాటలు పాటలేనా అని. దానికి తర్వాత వస్తాను, ముందు నన్ను బాగా నవ్వించిన ఉత్తరం చూద్దాం. ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్ళకి ఒక ముక్క: నేను తెనాలిలో పదమూడేళ్ళు క్యాసెట్ల షాపు నడిపాను, అది మూతపడ్డాక హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరి లెక్కలూ అగ్రిమెంట్లూ చూశాను. లాయర్ని కాను, డాక్టర్ని అసలే కాను. చూసిందీ చదివిందీ చెబుతాను, అంతే.

మొన్న కొత్త ఫ్లాట్‌లో దిగాం. మావారికి ఘంటసాల గారి భగవద్గీత అంటే ప్రాణం. రెండోరోజు పొద్దున్నే స్పీకర్లో పెట్టారు. పది నిమిషాల్లో ఎదురింటాయన లుంగీ మీదే పరిగెత్తుకొచ్చి "ఎవరండీ? ఎప్పుడు?" అని అడిగాడు. అంత గొప్ప గ్రంథానికి ఈ గతి ఎందుకు పట్టింది? — ఒక గృహిణి, కాకినాడ

ముందు ఆ ఎదురింటాయనతో స్నేహం చేసుకోండమ్మా. అపార్ట్‌మెంట్లలో అలా పరిగెత్తుకొచ్చే మనుషులు తక్కువ.

ఇక గీత సంగతి. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. గీత పాడి ఉంచారు కానీ హెచ్‌ఎంవీ రికార్డుగా అది జనంలోకి వచ్చింది ఆయన పోయాకే. అంటే జనం దాన్ని మొదటిసారి విన్నప్పుడే అది వెళ్ళిపోయిన మనిషి గొంతు. ఈ ముద్ర అక్కడే మొదలైందని నా అనుమానం. మిగతా పని మైకుసెట్టు వాళ్ళు చేశారు. మా చిన్నప్పుడు ఊళ్ళో మైకుసెట్టాయన దగ్గర ఉండే రికార్డులు గట్టిగా లెక్కపెడితే ఇరవయ్యో పాతికో, అందులో పెళ్ళికి కొన్ని, గుడికి కొన్ని, వినాయక చవితికి కొన్ని. చావింటికి ఏం వేస్తాడు? సినిమా పాట వేస్తే తంతారు. ఆత్మకి చావు లేదని చెప్పే గీత సరిగ్గా అతికింది. ఆ తర్వాత క్యాసెట్లొచ్చాయి, వైకుంఠ రథాలొచ్చాయి, ఆ గొంతు వీధి మలుపులో వినిపిస్తే చేతులెత్తి దణ్ణం పెట్టడం అలవాటైపోయింది.

అదే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం చూడండి. అదీ హెచ్‌ఎంవీ రికార్డే, 1963లో వచ్చింది, అదీ దేవుడి మాటే. కానీ అది గుళ్ళోనూ కాఫీ హోటల్లోనూ పొద్దున్నే మోగింది కాబట్టి ఇవాళ్టికీ నాకు అది వినపడితే ఫిల్టర్ కాఫీ వాసన వచ్చినట్టుంటుంది. ఒకటి వింటే తెల్లవారినట్టు, ఇంకోటి వింటే ఎవరికో తెల్లారినట్టు. పాటలో ఏముందన్నది ఒకెత్తు, దాన్ని ఎక్కడ, ఏ పూట, ఎవరి పక్కన నిలబడి విన్నామన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోదే మనిషి మీద ఎక్కువ పనిచేస్తుందని నా షాపు అనుభవం.

మీవారిని మానుకోమనకండి. మొదటి వారం కొంచెం సౌండు తగ్గించి పెట్టుకోమనండి. పదిరోజులు వరసగా విన్నాక ఎదురింటాయనకి కూడా అది మీ ఇంటి పాటైపోతుంది.

మా రోజుల్లో పాటలు నలభై ఏళ్ళయినా నోట్లో ఆడుతున్నాయి. ఇప్పటివి నెల తిరక్కుండా మర్చిపోతున్నాం. సాహిత్యం చచ్చిపోయినట్టే కదా? — రిటైర్డ్ టీచర్, సిద్దిపేట

చావలేదు మాస్టారూ. అయినా మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి, విడదీసి చూద్దాం.

మొదటిది వయసు. పదేళ్ళు దాటినప్పట్నుంచీ పాతికేళ్ళ లోపు విన్న పాటలు మనిషికి అతుక్కుపోయినట్టు మరే వయసులో విన్నవీ అతుక్కోవు. ఇది పరిశోధకులు చాలా దేశాల్లో చూసిన సంగతే. మొదటి సైకిలు, మొదటి జీతం, చూసీ చూడనట్టు పోయిన మొదటి మనిషి, అన్నీ ఆ పాటల్లో ఇరుక్కుని ఉంటాయి. మీ మనవడు 2065లో ఇదే ఉత్తరం ఇంకెవరికో రాస్తాడు, కాకపోతే ఉత్తరం బదులు ఇంకేదో ఉంటుంది.

రెండోది, మీరు ఆ పాటల్ని ఎన్నిసార్లు విన్నారు? క్యాసెట్ డబ్బులు పెట్టి కొనేవాళ్ళం, కొన్నాక నచ్చని పాట కూడా వినేవాళ్ళం. ఎందుకంటే ఫార్వర్డ్ బటన్ నొక్కితే తర్వాతి పాట మధ్యలో ఆగేది, మళ్ళీ వెనక్కి నొక్కాలి, ఈ తిప్పలు పడేకన్నా వినడమే నయం. అలా విని విని నాలుగో వారానికి ఆ నచ్చని పాటే ఇష్టమైపోయేది. ఇప్పుడు బొటనవేలితో ఒక్క తోపు తోస్తే చాలు. నచ్చడానికి పాటకి రెండో అవకాశం లేదు.

నా షాపుకి ఒకాయన వచ్చేవాడు, లారీ డ్రైవరు. ఒకసారి అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ తెచ్చి రెండు వైపులా ఒకే పాట నింపమన్నాడు. నేను తప్పు విన్నాననుకుని మళ్ళీ అడిగాను. "అదే పాటండీ, అయిపోగానే మళ్ళీ అదే" అన్నాడు. ఒక వైపు ముప్పై నిమిషాలు, పాట నాలుగున్నర నిమిషాలు, ఆరుసార్లు పట్టింది. మిగిలిన మూడు నిమిషాల్లో ఏడోసారి మొదలుపెడితే చరణంలో తెగుతుంది. ఏం చేయమంటారంటే ఒక్క క్షణం ఆలోచించి, "ఖాళీగా వదిలెయ్యండి, ఆ టైములో బీడీ కాల్చుకుంటా" అన్నాడు. ఇవాళ ఫోన్లో రిపీట్ గుర్తు చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు. ఏ పాటో మాత్రం చెప్పను.

మూడోది అసలు సంగతి. పాట అమ్మే పద్ధతి మారినప్పుడల్లా పాట కొలత మారుతూనే ఉంది. గుడ్డ ఎంతుంటే చొక్కా అంత. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని గ్రామఫోన్ కోసం పాడినప్పుడు, అరగంట విస్తరించి పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాల్సి వచ్చింది, పైగా ఆఖర్న "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు జర్మనీలో తయారయ్యేవి, లేబుల్ వేసేవాళ్ళకి పేరు తెలియాలి కదా. ఆ 78 స్పీడు రికార్డులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టదు కాబట్టే మన పాత సినిమా పాటలు చాలావరకు ఆ కొలతలో ఉంటాయి. అంతకన్నా పెద్ద పాటైతే రెండు ముక్కలు చేసి రెండు వైపులా వేసేవాళ్ళు. ఎక్కువసేపు ఆడే ఎల్పీ రికార్డు వచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాల దాకా పట్టింది. క్యాసెట్ వచ్చాక మరీ విచ్చలవిడి అయింది, ఐదారు నిమిషాల పాటలు, మధ్యలో వయొలిన్లు, వేణువు, మళ్ళీ వయొలిన్లు.

ఇప్పుడు స్పాటిఫై లాంటి వాటిలో ముప్పై సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. ముప్పై సెకన్లలోపు జనం తోసేశారంటే పైసా రాదు. ఇక నిమిషం సేపు వీణ వాయించి పల్లవి ఎత్తుకునే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే హుక్కు, అంటే నోట్లో ఆడే ముక్క, ముందుకొచ్చేసింది, రెండో చరణం ఎగిరిపోయింది, రీల్‌కి పనికొచ్చే పదిహేను సెకన్ల ముక్క చుట్టూ మిగతా పాట కడుతున్నారు. నాకు బాధ లేదా అంటే ఉంది. కానీ సాహిత్యం గురించి కాదు, ఇప్పుడూ బాగా రాసేవాళ్ళున్నారు. పోయింది చరణాల మధ్య వాయిద్యాల ముక్క. ఊపిరి పీల్చుకునే చోటు అది. దాని కోసం ఎవరూ ఉత్తరాలు రాయరేం?

మా అబ్బాయి ఇంటర్. చెవుల్లో అవి పెట్టుకునే చదువుతాడు, అలా అయితేనే బుర్రకెక్కుతుందంటాడు. నిజమేనా? — నెల్లూరు నుంచి ఒక తల్లి

లెక్కలు చేస్తూ వింటే పెద్ద నష్టం లేదు. చదివి గుర్తుపెట్టుకునే పాఠమైతే మాటలున్న పాట అడ్డమే, పుస్తకంలో మాటలూ పాటలో మాటలూ ఒకే ద్వారం దగ్గర తోసుకుంటాయి. వట్టి వాయిద్యమైతే కొంత నయం. అతన్నే తేల్చుకోమనండి, ఒక పాఠం పాటతో, ఒకటి లేకుండా చదివి మర్నాడు అప్పజెప్పమనండి.

నా కంగారు చదువు గురించి కాదు, చెవుల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ సౌండైతే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. పది పెరిగితే సమయం పదో వంతుకి పడిపోయింది చూడండి. ఫోన్లో సౌండు అరవై శాతం దాటనివ్వకండి. పోయిన వినికిడి మళ్ళీ రాదు.

మా కోడలికి ఐదో నెల. మొజార్ట్ సంగీతం, వేదమంత్రాలు కలిపి వినిపిస్తే బిడ్డ మేధావి అవుతుందని ఒక యాప్ వాళ్ళు ఏడు వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా? — కర్నూలు

వద్దండీ. ఈ మొజార్ట్ కథ ఎక్కడ పుట్టిందో చెబుతాను. 1993లో 'నేచర్' పత్రికలో అమెరికా పరిశోధకులు ఒక చిన్న వ్యాసం వేశారు. కాలేజీ పిల్లలకి పది నిమిషాలు మొజార్ట్ వినిపించి కాగితం మడతల లెక్కలాంటి పరీక్ష పెడితే కొంచెం బాగా చేశారు. ఆ ప్రభావం ఉన్నది ఓ పావుగంట. అంతే. అందులో పసిపిల్లలు లేరు, గర్భిణులు అసలే లేరు. కానీ పేపర్ల వాళ్ళు పెంచారు, క్యాసెట్లు అమ్మేవాళ్ళు ఇంకా పెంచారు, 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరైతే పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక సంగీతం సీడీ ఇస్తానని బడ్జెట్లో డబ్బులే అడిగాడు. తర్వాత వేరే పరిశోధకులు చేసి చూస్తే ఆ కొంచెం తేడా కూడా సరిగ్గా నిలబడలేదు. ఉత్సాహంగా ఉన్నప్పుడు ఎవరైనా కాస్త బాగానే చేస్తారు, దానికి మొజార్టే కానక్కర్లేదు.

ఆరో నెల దాటాక బిడ్డ బయటి శబ్దాలకి కదులుతుంది, పుట్టాక తల్లి గొంతు గుర్తుపడుతుంది, ఇది నిజం. కాబట్టి కోడల్నే ఏదైనా పాడుకోమనండి, శ్రుతి తప్పినా బిడ్డ ఏమీ అనుకోదు. ఆమెకి హాయిగా ఉంటే చాలు. పొట్ట మీద హెడ్‌ఫోన్లు మాత్రం పెట్టొద్దు. ఆ ఏడు వేలూ బిడ్డ పుట్టాక పనికొస్తాయి.

పాటలు రాస్తాను, బాణీ కూడా నేనే కడతాను. ఒక మ్యూజిక్ కంపెనీ నా ప్రైవేట్ పాటకి పదిహేను వేలు ఇస్తామని ఇంగ్లీషులో తొమ్మిది పేజీల కాగితం పంపింది. సంతకం పెట్టమంటారా? పెట్టకపోతే మళ్ళీ అవకాశం రాదేమోనని టెన్షన్‌గా ఉంది. — 24 ఏళ్ళ కుర్రాడు, ఖమ్మం

బాబూ, మీరు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని చదివాను. కళ్ళు లాగాయి. రెండో పేజీలోనే ఉంది అసలు మాట: ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు కనిపెట్టబోయేవీ అన్ని మాధ్యమాల్లోనూ సర్వహక్కులూ కంపెనీవే. దాదాపు ప్రతి అగ్రిమెంట్లోనూ ఈ వాక్యం ఉంటుంది. దీని వెనక పెద్ద కథే ఉంది, కొంచెం ఓపిక పట్టండి.

1977లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది, సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకీ చేయించుకున్న బాణీకీ మొదటి యజమాని నిర్మాతే అని, వేరే ఒప్పందం ఉంటే తప్ప. దాంతో రాసినవాడికి ఒక కవరు చేతికొచ్చేది, లెక్క అక్కడితో సరి. ఆ పాట తర్వాత రేడియోలో మోగినా, లక్షల క్యాసెట్లు అమ్ముడైనా, కాలర్ ట్యూన్ అయినా ఆయనకి దమ్మిడీ రాదు. నేను స్టూడియోలో ఉండగా ఒక పెద్దాయన వచ్చారు, గీతరచయిత. పాత అగ్రిమెంటు జిరాక్సు మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకొచ్చారు. అందులో ఆయన వాటా ఏమైనా ఉందేమో చూసిపెట్టమన్నారు. ఒకటే పేజీ, లేదు. టీ తెప్పించాను. మా క్యాషియర్ ఎక్కడున్నాడో కనుక్కుందామని ఫోన్ చేసి స్పీకర్లో పెడితే, అవతల కాలర్ ట్యూన్‌గా ఆయన పాటే వచ్చింది. ఇద్దరం విన్నాం. "రెండో చరణం బాగుంటుంది, అది వేసుకోలేదు" అన్నారాయన. నేనేం మాట్లాడలేకపోయాను.

2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. రాజ్యసభలో హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడింది దీని కోసమే. ఇప్పుడు సినిమా పాటైతే, సినిమా హాల్లో సినిమాతోపాటు ఆడటం తప్ప మిగతా ఏ వాడకం మీదైనా రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో, అంటే పాట వాడుకున్నప్పుడల్లా వచ్చే డబ్బులో, హక్కులు తీసుకున్నవాళ్ళతో సమాన వాటా ఉంటుంది. మీలాంటి ప్రైవేట్ పాటకి కూడా ఆ వాటా ఉంది. వదులుకుంటున్నానని మీరే సంతకం పెట్టినా అది చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి కుదరదు. అలాగే ఇవాళ వాడుకలో లేని మాధ్యమానికి కూడా హక్కులిచ్చేశానని వాళ్ళు తర్వాత అంటే, ఆ మాధ్యమం పేరు కాగితంలో విడిగా ఉండాలి. "కనిపెట్టబోయేవన్నీ" అంటే సరిపోదు. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే అని, ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే అని చట్టం. మీ కాగితంలో మాత్రం "శాశ్వతంగా" అని రాశారు కాబట్టి ఈ ఐదేళ్ళ సౌకర్యం మీకు వర్తించదు, ఆ మాట కొట్టేయించాలి.

ఇక మీ పని. ఐపీఆర్‌ఎస్ అని 1969 నుంచీ ఉన్న సొసైటీ ఉంది, రచయితలదీ స్వరకర్తలదీ మ్యూజిక్ కంపెనీలదీ. అందులో రచయితగానూ స్వరకర్తగానూ రెండు విధాలా సభ్యుడిగా చేరండి, పాట పేరు నమోదు చేయండి. మీ వాటా సొసైటీ నుంచి నేరుగా మీ బ్యాంకు ఖాతాకి వస్తుంది. మీరే పాడితే గాయకుడి రాయల్టీ వేరు, దానికి గాయకుల సంఘం వేరు. తర్వాత, రికార్డింగ్ ఖర్చు ఎవరు పెడుతున్నారో చూడండి. మీ డబ్బుతో మీరే రికార్డు చేసుకుంటే ఆ రికార్డింగు మీది. దాన్ని అమ్మకండి, పదేళ్ళకి లైసెన్సు ఇవ్వండి. ఇల్లు రాసివ్వడానికీ అద్దెకివ్వడానికీ ఉన్నంత తేడా ఉంది. వాళ్ళే ఖర్చు పెడతామంటే రికార్డింగు వాళ్ళదైనా, మాటలూ బాణీ మీవనీ రాయల్టీ విడిగా ఇస్తామనీ రాయమనండి. వద్దంటే నాలుగు రోజులు ఆగండి. మీ పాట నచ్చే తొమ్మిది పేజీలు పంపారు కదా, మీకెంత అవసరమో వాళ్ళకీ అంతే అవసరం. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించండి, పదిహేను వేలల్లో రెండు వేలు దానికి పోయినా నష్టం లేదు.

మా జానపద పాటకి యూట్యూబ్‌లో ముప్పై లక్షల వ్యూస్ వచ్చాయి. ఊళ్ళో అందరూ లక్షలొచ్చాయి కదా పార్టీ ఇవ్వమంటున్నారు. వచ్చింది చూస్తే కెమెరా అద్దె కూడా రాలేదు. ఎందుకు? — జగిత్యాల

వ్యూకి ఇంత అని రేటు ఎక్కడా లేదు, అదే అందరూ పొరబడేది. యాడ్ వచ్చిందా, చూసినవాళ్ళు ఏ దేశంలో ఉన్నారు, మధ్యలో ఎంతమంది వాటాదారులున్నారు, అన్నీ కలిసి తేలుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు వెయ్యిమంది చూస్తే వచ్చే డబ్బుకీ ఇక్కడ వెయ్యిమంది చూస్తే వచ్చే డబ్బుకీ పోలికే ఉండదు. స్ట్రీమింగ్ యాప్‌లు ఇంకో రకం: నెలకి వచ్చిన మొత్తంలో తమ భాగం తీసుకుని మిగతాది ఒక కుప్ప పోసి, మొత్తం ప్లేలలో మీ ప్లేలు ఎంతశాతమో అంత ఇస్తాయి. మీ పాట నెలంతా విన్న మనిషి కట్టిన చందాలో కూడా ఎక్కువ భాగం పెద్ద హీరో పాటలకే పోతుందన్నమాట. స్పాటిఫై అయితే 2024 నుంచి, ఏడాదిలో వెయ్యి ప్లేలు లేని పాటకి అసలేమీ ఇవ్వడం లేదు.

ఇంకోటి చూసుకోండి. మీ పాట ఎవరో ముసలమ్మ పాడుతుంటే విని సేకరించిందయితే, వేరే ఛానెల్ వాళ్ళు కూడా దాన్నే పాడి, తమదిగా యూట్యూబ్‌లో ముందే నమోదు చేసి ఉండొచ్చు. అప్పుడు మీ వీడియో డబ్బులు వాళ్ళకి పోతాయి. జానపదం అందరిదీ, మీ రికార్డింగు మాత్రమే మీది, అని వాదించి తిప్పికొట్టండి. ఆ ముసలమ్మకి ఏమైనా ఇచ్చారా? ఊరికే అడుగుతున్నా. పార్టీ సంగతి తర్వాత.

చెల్లి పెళ్ళికి ఫంక్షన్ హాలు వాళ్ళు పాటల లైసెన్సు లేనిదే డీజే పెట్టనివ్వం అంటున్నారు. అది వసూళ్ళ దందాయేనా? అలాగే బాలు గారంతటి మనిషికి ఇళయరాజా నోటీసు పంపడం ఏమిటి? — ఏలూరు

పెళ్ళికి అక్కర్లేదు. మతపరమైన వేడుకల్లో పాటలు వేసుకోవచ్చని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో ఉంది, పెళ్ళి ఊరేగింపూ పెళ్ళికి సంబంధించిన వేడుకలూ అందులోకే వస్తాయని అక్కడే వివరణ ఇచ్చారు. 2023లో కేంద్రం ఇదే మాట మళ్ళీ నోటీసుగా చెప్పింది. ఆ కాపీ ప్రింటు తీసి హాలు వాళ్ళకి చూపించండి. ఫొటోగ్రాఫర్ ఆ పాటలతోనే వీడియో చేసి యూట్యూబ్‌లో పెడితే మాత్రం ఈ మినహాయింపు పనికిరాదు. అన్నట్టు రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే, పెళ్ళైనా సరే.

టికెట్టు పెట్టి చేసే కచేరీ వేరు. 2017లో బాలు గారు అమెరికాలో పాడుతుండగా, ఇళయరాజా బాణీలు ఆయన అనుమతి లేకుండా పాడొద్దని నోటీసు వచ్చినప్పుడు మనవాళ్ళందరికీ కోపమొచ్చింది, నాకూ వచ్చింది. ఇద్దరి మీదా సమానంగా ప్రేమ ఉన్నవాళ్ళం కదా. కానీ చల్లబడ్డాక ఆలోచిస్తే, టికెట్టు డబ్బులు వచ్చిన చోట బాణీ కట్టినవాడికీ మాటలు రాసినవాడికీ వాటా అడగడం తప్పేం కాదు. అడిగిన తీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నిర్వాహకులు కట్టాల్సిన సంగతికి పాడేవాడు నలిగాడు, నా బాధ అదే.

పోయిన గాయకుల గొంతుతో కంప్యూటర్ పాడుతోంది కదా. ఇక కొత్త గాయకులకి పనేముంటుంది? — సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయి, డాలస్

2024లో రెండు సంగతులు జరిగాయమ్మా. ఏఆర్ రెహమాన్ ఒక తమిళ సినిమాలో, చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు కూడా ఇచ్చామని ఆయనే చెప్పారు. అదే ఏడాది, మన బాలు గారి గొంతు అడక్కుండా వాడారని ఒక తెలుగు సినిమా వాళ్ళకి ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. సాధనం ఒకటే, మర్యాద వేరు.

పని తగ్గుతుందా అంటే ట్రాక్ (అసలు గాయకుడికి ముందు నమూనాగా) పాడేవాళ్ళకీ కోరస్ వాళ్ళకీ తగ్గుతుంది, అప్పుడే తగ్గింది, స్టూడియోలో ఉన్న పాత మిత్రులు చెబుతున్నారు. గుళ్ళో, పెళ్ళిలో, మీ డాలస్ దసరా ఫంక్షన్లో ఎదురుగా నిలబడి పాడేవాళ్ళకి తగ్గదు. రికార్డు మీద డబ్బు రాకపోవడం మొదలయ్యాక గాయకులు వేదికెక్కే బతుకుతున్నారు, గ్రామఫోన్ రాకముందు కూడా అంతే కదా. మీరు నేర్చుకోండి. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ స్టేజి మీద కూడా వచ్చేసిందనుకోండి, అయినా నేర్చుకోండి.

రాయల్టీ, రాయల్టీ అని అందరికీ పాఠాలు చెబుతున్నారు. మీ తెనాలి షాపులో పాటలు నింపి అమ్మిన క్యాసెట్లకి మీరెంత రాయల్టీ కట్టారు సార్? — గుంటూరు

ఒక్క పైసా కట్టలేదు. ఎవరో ఒకరు ఎప్పుడో అడుగుతారని తెలుసు, ఇంత ఆలస్యంగా అడిగినందుకు థాంక్స్.

పాటకి రూపాయి, ఖాళీ క్యాసెట్ ఖరీదు అదనం. జనం కాగితం మీద పాటల లిస్టు రాసి తెచ్చేవాళ్ళు, నేను రాత్రి షట్టరు సగం దించి, రెండు డెక్కులు పెట్టుకుని నింపేవాణ్ని. అది దొంగతనమని అప్పుడు తెలీదంటే అబద్ధం, కంపెనీ క్యాసెట్ మీదే రాసి ఉండేది. అందరూ చేస్తున్నారు కదా అనుకున్నాను. పైగా పాట జనంలోకి వెళ్తోంది కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. తర్వాత ఎంపీ3 సీడీ వచ్చి, యాభై రూపాయలకి నూట యాభై పాటలు ఫుట్‌పాత్ మీద అమ్మితే, నా షాపు ఏడాదిన్నరలో మూతపడింది. అప్పుడు నాకు పైరసీ మీద చాలా కోపం వచ్చింది! ఆ పెద్దాయన జిరాక్సు కాగితం పట్టుకుని నా ముందు కూర్చున్నప్పుడు మాట రాకపోవడానికి ఇదీ ఒక కారణం.

షాపు ఖాళీ చేసినప్పుడు అడుగు అరలో పదకొండు క్యాసెట్లు మిగిలాయి. అడ్వాన్సు కట్టి, లిస్టు ఇచ్చి, మళ్ళీ రానివాళ్ళవి. అన్నీ నింపేసే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని లిస్టులో నీలం సిరాతో ఎ సైడుకి ఆరు పాటలు వరసగా రాసి, కింద గీత గీసి, "బి సైడు మీ ఇష్టం" అని ఉంది. పేరు లేదు, పది రూపాయలు అడ్వాన్సు అని నా చేతి రాత ఉంది. బి సైడు నేను రెండుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను. ఆ ఆరు పాటల పక్కన ఏం పెట్టినా సరిపోలేదు.

అది మీదైతే ఈ శీర్షికకి రాయండి, ఆ ఆరు పాటలూ వరసగా చెప్పాలి. క్యాసెట్ పంపిస్తాను, పోస్టేజీ నాదే.